ఖార్టూమ్ 1957: రాని నాలుగో జట్టు

ప్రపంచ చరిత్రలో వలస పాలన అంతం అనే అధ్యాయానికి మనలో చాలామంది ఒక పట్టిక తయారు చేసుకుంటాం. సూడాన్ 1956, ఘనా 1957, ఒక్క 1960లోనే 17 ఆఫ్రికా దేశాలు. ప్రిలిమ్స్‌కి అది సరిపోతుంది. మెయిన్స్‌లో మాత్రం అసలు ప్రశ్న వేరేగా వస్తుంది. జెండా మారిన తర్వాత ఈ కొత్త దేశాలకు ప్రపంచ వేదికల మీద మాట చెల్లుబాటు ఎలా వచ్చింది? సైన్యం లేదు, డబ్బు లేదు, చాలాచోట్ల చదువుకున్న అధికారులు కూడా తక్కువే. ఈ ప్రశ్నకు జవాబుగా ఈ వ్యాసంలో ఒక ఫుట్‌బాల్ టోర్నీని తీసుకుంటున్నాను. అది మూడే జట్లతో, రెండే మ్యాచ్‌లతో మొదలైన ఆఫ్రికా దేశాల కప్పు.

ముందు ఒక సబ్బు కంపెనీ కప్పు

ఆఫ్రికాలో జట్ల మధ్య అంతర్జాతీయ పోటీలు 1957కి ముందే ఉన్నాయి. 1926లో కెన్యా, యుగాండా జట్లు గాసేజ్ కప్పు కోసం ఆడాయి. గాసేజ్ అనేది ఇంగ్లండ్‌లోని ఒక సబ్బు కంపెనీ. తర్వాత టాంగన్యికా, జాంజిబార్ కూడా చేరాయి. ఇప్పటి తూర్పు, మధ్య ఆఫ్రికా ప్రాంతీయ కప్పుకు మూలం ఇదే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆడినవాళ్లు ఆఫ్రికన్లే, చూసినవాళ్లూ వాళ్లే. కానీ ఆ నాలుగు ప్రాంతాలూ బ్రిటిష్ పెత్తనం కింద ఉన్నవి, కప్పు పేరు బ్రిటిష్ కంపెనీది. ఎవరు ఆడాలి, ఎవరు ఆడకూడదు అని నిర్ణయించే అధికారం ఆ ఆటగాళ్ల దేశాలకు లేదు. ఎందుకంటే అవి ఇంకా దేశాలు కావు. 1957లో మారింది సరిగ్గా ఈ విషయమే.

ఖార్టూమ్‌లో ఏం జరిగింది

1956లో లిస్బన్‌లో ఫిఫా మహాసభ జరిగినప్పుడు ఈజిప్టు, సూడాన్, దక్షిణాఫ్రికా ప్రతినిధులు కలుసుకుని ఖండానికి సొంత సంఘం ఉండాలని మాట్లాడుకున్నారు. 1957 ఫిబ్రవరి 8న సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. రెండు రోజులకే, ఫిబ్రవరి 10న టోర్నీ మొదలైంది.

కాలాన్ని గుర్తుపెట్టుకోండి. బాండుంగ్ సదస్సు జరిగి రెండేళ్లు కాలేదు. సూడాన్‌కు స్వాతంత్ర్యం వచ్చి ఏడాది దాటింది. సూయజ్ యుద్ధం ముగిసి మూడు నెలలు. ఘనాకు స్వాతంత్ర్యం రావడానికి ఇంకా నెల రోజులుంది.

నాలుగు జట్లు ఆడాలని షెడ్యూలు వేశారు. ఈజిప్టుతో సూడాన్, ఇథియోపియాతో దక్షిణాఫ్రికా. ఇథియోపియా, దక్షిణాఫ్రికా మ్యాచ్ జరగలేదు. దక్షిణాఫ్రికా సంఘం పూర్తిగా తెల్లవాళ్ల జట్టునో, పూర్తిగా నల్లవాళ్ల జట్టునో పంపిస్తానంది, కలిపి మాత్రం పంపనంది. మిగతా మూడు దేశాలు దానికి ఒప్పుకోలేదు. కొన్ని పుస్తకాలు దీన్ని బహిష్కరణ అంటాయి, కొన్ని దక్షిణాఫ్రికా తనే తప్పుకుంది అంటాయి. ఏ మాట వాడినా కారణం ఒకటే.

ఇథియోపియా ఆడకుండానే ఫైనల్‌కు వెళ్లింది. ఈజిప్టు 2-1తో సూడాన్‌ను ఓడించి, ఫిబ్రవరి 16న ఫైనల్‌లో ఇథియోపియాపై 4-0తో గెలిచింది. నాలుగు గోల్సూ అద్-దిబా కొట్టాడు. రికార్డు పుస్తకాల్లో ఆయన పేరు ఉంటుంది. చరిత్ర పుస్తకంలో మాత్రం జరగని ఆ మ్యాచ్‌కే ఎక్కువ చోటు ఇవ్వాలి.

బయట నిలబడ్డవాళ్లు ఎవరు

దక్షిణాఫ్రికా రాలేదు అని రాసి ఊరుకుంటే సగం విషయమే చెప్పినట్టు. ఆ దేశంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు కాదు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

నేను సూరత్‌లో ఉండే తెలుగువాణ్ణి కాబట్టి ఈ భాగం నాకు రెండు వైపుల నుంచీ దగ్గరిది. సూరత్ చుట్టుపక్కల రాందేర్, కఠోర్ లాంటి చోట్ల నుంచి వ్యాపారులు సొంత ఖర్చుతో ఓడెక్కి దక్షిణాఫ్రికా వెళ్లారు. చరిత్రకారులు వాళ్లను పాసింజర్ ఇండియన్లు అంటారు. తెలుగువాళ్లు వెళ్లిన తీరు వేరు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్లారు. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లు చేసింది చెరకు తోటల్లో పని. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది ఈ కూలీల పిల్లలు, మనవలే.

అంగడి యజమాని కొడుకైనా, తోట కూలీ మనవడైనా మైదానం దగ్గరికొచ్చేసరికి ఇద్దరిదీ ఒకే వరుస. భారతీయులు 1903లోనే సొంత ఫుట్‌బాల్ సంఘం పెట్టుకుని శామ్ చైనా కప్పు పేరుతో రాష్ట్రాల మధ్య పోటీలు నడిపారు. డర్బన్‌లో కరీస్ ఫౌంటెన్ మైదానం వాళ్ల ఆటకు కేంద్రం. 1951లో ఆఫ్రికన్, కలర్డ్, భారతీయ సంఘాలు మూడూ కలిసి దక్షిణాఫ్రికా సాకర్ ఫెడరేషన్‌గా ఏర్పడ్డాయి. జాతి భేదం లేని ఈ ఫెడరేషన్ కింద ఆడేవాళ్లే దేశంలో ఎక్కువ. అయినా ఫిఫా గుర్తింపు తెల్లవాళ్ల సంఘానికే దక్కింది. ఒక దేశానికి ఒకే సంఘం అనే నియమం అడ్డం చూపించారు.

వ్యాసానికి అసలు గుండెకాయ ఈ తర్వాతి విషయం. ఫెడరేషన్ నాయకులు, డర్బన్ న్యాయవాది జార్జ్ సింగ్ లాంటివాళ్లు, తమ దేశ అధికారిక సంఘాన్ని సస్పెండ్ చేయమని ఫిఫాను అడిగారు. అంటే తమ దేశం పేరుతో ఎవరూ ఆడకుండా ఆపమన్నారు. తమ తరం ఆటగాళ్లకు అంతర్జాతీయ మ్యాచ్ అందకుండా పోతుందని తెలిసే అడిగారు. బహిష్కరణ వల్ల నష్టపోయేది అమాయక ఆటగాళ్లే కదా అని అప్పట్లో చాలామంది వాదించారు. ఆ వాదనకు ఇదే జవాబు. నష్టం భరించాల్సినవాళ్లే ఆ నష్టాన్ని కోరుకున్నారు.

ఆ నష్టం మాటవరసకు చెప్పింది కాదు. 1961లో ఫెడరేషన్ వాళ్లు జాతి భేదం లేని ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టారు. జనం బాగా వచ్చారు. మున్సిపల్ మైదానాలు ఇవ్వకుండా నొక్కేయడంతో 1966కల్లా ఆ లీగ్ మూతపడింది.

ఖార్టూమ్ నుంచి టోక్యో దాకా

మూడు దేశాల నిర్ణయం ప్రపంచ నిర్ణయంగా మారిన క్రమం ఇది.

1961: ఫిఫా దక్షిణాఫ్రికాను సస్పెండ్ చేసింది.

1963: ఫిఫా అధ్యక్షుడు స్టాన్లీ రౌస్ ఆ దేశం వెళ్లివచ్చాక సస్పెన్షన్ ఎత్తేశారు. తెల్లవాళ్ల సంఘం అప్పుడు ఇచ్చిన హామీ, 1966 ప్రపంచ కప్పుకు తెల్ల జట్టు, 1970కి నల్ల జట్టు పంపుతామని. ఖార్టూమ్‌లో చెల్లని బేరమే మళ్లీ పెట్టారన్నమాట.

1964: టోక్యో మహాసభలో సస్పెన్షన్ తిరిగి వచ్చింది.

1966: ఆఫ్రికాకు నేరుగా ఒక్క స్థానం కూడా ఇవ్వనందుకు ఆఫ్రికా దేశాలు ప్రపంచ కప్పును బహిష్కరించాయి. 1970లో ఆ స్థానం వచ్చింది.

1974: ఫిఫా అధ్యక్ష ఎన్నికలో రౌస్ ఓడిపోయి బ్రెజిల్‌కు చెందిన హావెలాంజ్ గెలిచారు. ఆఫ్రికా ఓట్లు అందులో కీలకం.

1976: సొవెటో కాల్పులు జరిగిన మరుసటి నెల ఫిఫా దక్షిణాఫ్రికాను పూర్తిగా వెలివేసింది.

1961కీ 1964కీ మధ్య మారింది ఏమిటి? దక్షిణాఫ్రికా విధానం మారలేదు. ఫిఫా మనసు కరగలేదు. ఓట్ల లెక్క మారింది. ఒక సభ్యదేశానికి ఒక ఓటు అన్న నియమం యూరప్ వాళ్లు పెట్టుకున్నదే. కొత్త దేశాలు ఒక్కొక్కటీ చేరేకొద్దీ అదే నియమం ఆఫ్రికా చేతిలో బలమైంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలోనూ ఆ కాలంలో జరిగింది ఇదే. విడిగా బలహీనమైన దేశాలు ముందే ఒక మాట మీద నిలబడి ఉంటే, సంఖ్య పెరిగినప్పుడు ఆ మాట చట్టమవుతుంది. ఖార్టూమ్ మూడు దేశాలు చేసింది ఆ మాటను ముందే ఖాయం చేయడం.

మన దేశం పాత్ర కూడా జతచేసుకోండి. 1946లోనే భారత్ దక్షిణాఫ్రికాతో వాణిజ్యాన్ని నిషేధించి, అక్కడి భారతీయుల సమస్యను ఐక్యరాజ్యసమితిలో పెట్టింది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరి కూడా దక్షిణాఫ్రికాతో ఆడకుండా కప్పు వదులుకుంది.

1996

1992లో దక్షిణాఫ్రికా ఫిఫాలోకి తిరిగి వచ్చింది. మొదటి మ్యాచ్ డర్బన్‌లో కామెరూన్‌తో, 1-0తో గెలుపు. 1996లో ఆఫ్రికా కప్పుకు అదే దేశం ఆతిథ్యమిచ్చింది. ఫిబ్రవరి 3న ఫైనల్‌లో ట్యునీషియాపై 2-0. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మార్క్ విలియమ్స్ రెండు గోల్సూ కొట్టాడు. తెల్లజాతి కెప్టెన్ నీల్ టోవీ కప్పు ఎత్తుతుంటే మండేలా పక్కన ఉన్నారు. జాతులు కలిసిన జట్టు కుదరదని 39 ఏళ్ల కింద చెప్పిన దేశమే ఆ జట్టుతో కప్పు గెలిచింది.

అంతా శుభం అని ముగించకండి. అదే టోర్నీకి నైజీరియా రాలేదు. కెన్ సారో-వీవాను ఉరితీసినందుకు మండేలా విమర్శించడంతో అక్కడి సైనిక ప్రభుత్వం జట్టును వెనక్కి తీసుకుంది. 1957 నుంచి 1992 దాకా కరీస్ ఫౌంటెన్‌లో ఆడి వయసైపోయిన ఆటగాళ్లకు దేశం జెర్సీ ఎవరూ తిరిగి ఇవ్వలేదు. న్యాయమైన నిర్ణయానికి కూడా ఎవరో ఒకరు ధర చెల్లిస్తారు. జవాబులో ఈ రెండో వైపు రాస్తేనే విశ్లేషణ అవుతుంది.

జవాబులో ఎక్కడ వాడాలి

జీఎస్-1లో వలస పాలన అంతం. జీఎస్-2లో ప్రవాస భారతీయులు, అంతర్జాతీయ సంస్థలు. ఎథిక్స్‌లో, నష్టపోయేవారి సమ్మతి ఒక ఆంక్షకు నైతిక బలం ఇస్తుందా అనే చర్చ. తేదీలు నాలుగు చాలు: 1957, 1964, 1976, 1996.

సాధన ప్రశ్న: "క్రీడలను రాజకీయాలకు దూరంగా ఉంచాలనే వాదన ఉన్న స్థితిని కాపాడే రాజకీయమే." దక్షిణాఫ్రికా ఉదాహరణతో 250 పదాల్లో చర్చించండి. రాశాక ఒకటి సరిచూసుకోండి: ఫెడరేషన్ ఆటగాళ్ల ప్రస్తావన మీ జవాబులో ఉందా?