బొనైర్ ఛాయాచిత్ర యాత్రలు

బొనైర్ ఛాయాచిత్ర యాత్రలు కరీబియన్ సముద్రములోని బొనైర్ ద్వీపములో మార్గదర్శకుల సాయముతో సాగే యాత్రలు. వీటిలో యాత్రికులు నేలపైని దృశ్యములను, నీటి అడుగున ఉన్న పగడపు దిబ్బలను చిత్రీకరిస్తారు. వెనిజులాకు ఉత్తరమున సుమారు 80 కి.మీ. దూరములో ఉన్న ఈ ద్వీపము వైశాల్యము 288 చ.కి.మీ. 2010 నుండి ఇది నెదర్లాండ్స్ దేశములో ప్రత్యేక పురపాలక ప్రాంతముగా ఉన్నది. ముఖ్య పట్టణము క్రాలెండైక్.

నేలపై

ద్వీపపు దక్షిణ భాగములో ఉప్పు మడులు కలవు. సూక్ష్మజీవుల వలన వీటి నీరు గులాబీ రంగులో కనిపిస్తుంది. సమీపములో 1850లో బానిసల కొరకు కట్టిన చిన్న రాతి గుడిసెలు ఉన్నవి. పెద్దవారు బాగా వంగితే తప్ప వీటి లోనికి పోలేరు. డచ్చి వారి కరీబియన్ వలసలలో బానిసత్వము 1863లో రద్దయినది. పెకెల్‌మేర్ అభయారణ్యములో ఫ్లెమింగో పక్షులు గూళ్ళు కట్టుకుంటాయి. లోనికి ప్రవేశము నిషేధము కనుక రహదారి నుండే దూరపు కటకములతో వీటిని చిత్రీకరిస్తారు. ఉత్తరమున 1969లో ఏర్పడిన వాషింగ్టన్ ఉద్యానవనము (నేటి వాషింగ్టన్-స్లాగ్‌బాయ్ జాతీయ ఉద్యానవనము) బ్రహ్మజెముడు చెట్లకు, చిలుకలకు ప్రసిద్ధి.

నీటి అడుగున

పశ్చిమ తీరములో పగడపు దిబ్బలు ఒడ్డుకు చాలా దగ్గరగా ఉండుటచే అనేక చోట్ల పడవ అవసరము లేకుండా నడిచి నీటిలోకి దిగవచ్చును. దిగవలసిన చోట్లను దారి పక్కన పసుపు రంగు రాళ్ళు సూచిస్తాయి. నీరు ఎరుపు కాంతిని త్వరగా పీల్చుకొనుటచే కొద్ది మీటర్ల లోతునకే ఎర్రని వస్తువులు నల్లగా కనిపిస్తాయి. అందుచే ఫ్లాష్ దీపములు వాడతారు. దీపము కటకమునకు మరీ దగ్గరగా ఉన్నచో నీటిలోని నలుసులు తెల్లని చుక్కలుగా చిత్రములో పడతాయి. 1984లో మునిగిన హిల్మా హుకర్ అనే ఓడ సుమారు 30 మీటర్ల లోతున ఉన్నది.

నియమములు

ఇక్కడ ఈటెలతో చేపలు పట్టుట 1971లో నిషేధింపబడినది. 1979లో ఏర్పడిన బొనైర్ సముద్ర ఉద్యానవనము తీరము నుండి 60 మీటర్ల లోతు వరకు విస్తరించి ఉన్నది. ఇందులో లంగరు వేయరాదు. పడవలను స్థిరమైన తేలుడు గుర్తులకు కట్టవలెను. చేతి తొడుగులు కూడా నిషిద్ధము. అవి ఉన్నచో ఈతగాళ్ళు పగడములను పట్టుకొనుటకు వెనుకాడరని దీని ఉద్దేశము.

ఛాయాగ్రాహకుని చూపు కెమెరాపైననే ఉండుటచే కాలి రెక్కలు పగడములకు తగిలే ప్రమాదము ఎక్కువ. గుండ్రాయి వంటి పగడములు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. కావున ఒక్క క్షణములో విరిగినది తిరిగి పెరుగుటకు అనేక సంవత్సరములు పట్టును. జీవులను చూపించుటతో పాటు, వాటిని తాకకుండా, చిత్రము కొరకు కదిలించకుండా చూచుట మార్గదర్శకుని ముఖ్య బాధ్యత. 2023లో పగడముల కణజాలమును నశింపజేసే వ్యాధి ఇక్కడ కనిపించిన తరువాత ఈ జాగ్రత్తల అవసరము మరింత పెరిగినది.