మెట్ట కృష్ణా నీటి చరిత్ర – రోగకారణాల అన్వేషణ: జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల పరిశీలన

ప్రవేశిక

ప్రజలు తాగే నీరు, తినే తిండి, పీల్చే గాలి, చేసే పని వారి రోగాలకు ఎంతవరకు కారణమవుతున్నాయో తేల్చడం వ్యాధివ్యాప్తి శాస్త్రం చేపట్టే పనుల్లో ఒకటి. ఇటువంటి కారణాలు శరీరంపై ఫలితం చూపడానికి ఏళ్లు, ఒక్కొక్కప్పుడు దశాబ్దాలు పడుతుంది. అందువల్ల నేటి రోగి ఇంటి నీటిని నేడు పరీక్షించినంత మాత్రాన కారణం తెలియదు. అతడు ఇరవై ఏళ్ల కిందట ఏ బావి నీరు తాగాడో, ఏ ధాన్యం తిన్నాడో కూడా తెలియాలి. అది చరిత్ర చెప్పవలసిన విషయం. కృష్ణా జిల్లా మెట్ట భాగమైన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలను ఆధారం చేసుకొని ఈ సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

డెల్టా నీరు, మెట్ట నీరు

1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు దిగువనున్న డెల్టాను సస్యశ్యామలం చేశాయి. ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేటలకు ఆ నీరు ఎక్కే వీలు లేదు. ఇక్కడి పల్లెలకు బావులు, చెరువులు, మునేరు, పాలేరు వంటి ఏర్లే ఆధారమయ్యాయి. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరందని ఈ స్థితి నుంచే నందికొండ ప్రాజెక్టు కోరిక బలపడింది. జగ్గయ్యపేట సమీపాన కృష్ణ ఒడ్డునున్న ముక్త్యాల సంస్థానాధిపతి వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఆ ప్రాజెక్టు కోసం పట్టుదలతో కృషి చేశారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. నల్లగొండ, ఖమ్మం జిల్లాల మీదుగా వచ్చే ఎడమ కాలువ మెట్ట కృష్ణాకు సాగునీరు తెచ్చింది.

ఈ మార్పును వ్యవసాయ చరిత్రకారులు పంటల దిగుబడిలో లెక్కించారు. ఆరోగ్య చరిత్రలోనూ దానికి స్థానముందని నల్లగొండ అనుభవం చూపుతుంది.

ఫ్లోరోసిస్ పరిశోధనలు నేర్పిన పాఠం

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌ను గురించి ప్రకటించిన వ్యాసం నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగిసిపోయిన రోగుల స్థితిని వైద్యలోకానికి తెలియజేసింది. 1940లో పండిట్ బృందం ఆ పరిశోధనను ముందుకు తీసుకువెళ్లి, నీటిలోని ఫ్లోరైడుతో పాటు ప్రజల పోషణ స్థితినీ లెక్కలోకి తీసుకుంది. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త రూపాన్ని ప్రకటించారు. ఫ్లోరైడు ప్రాంతాల్లో కౌమార వయస్కుల మోకాళ్లు లోపలికి వంగి, నడక కష్టమవుతోంది. ఫ్లోరైడు ఆ నేలకు పాతదే. రోగరూపం మాత్రం కొత్తది. జలాశయం నిండాక భూగర్భజల మట్టం పెరిగి, నేలలోని సూక్ష్మ ఖనిజాల తీరు మారి, అది ఆహారధాన్యాల్లోకి చేరిందన్న ఊహ ముందుకు వచ్చింది. మాలిబ్డినం ఎక్కువున్న జొన్న తిన్నవారి శరీరం నుంచి రాగి అధికంగా విసర్జితమవుతుందని 1974లో దేవస్థలే, గోపాలన్ చూపడం ఆ ఊహకు బలమిచ్చింది. ఇది తుది నిర్ధారణ కాదు. అయినా నీరు, నేల, పంట, పేదవాని కంచం ఒకే గొలుసులోని కడియాలన్న అవగాహన దీనివల్ల కలిగింది.

మెట్ట కృష్ణాకు అన్వయం

నల్లగొండ ఫలితాలను జగ్గయ్యపేటకు యథాతథంగా ఆపాదించడం అశాస్త్రీయం. ఇక్కడ సున్నపురాయి నేలలున్నాయి, సిమెంటు పరిశ్రమ ఉంది. నల్లరేగడిలో పత్తి, మిరప పండుతాయి, వాటికి పురుగుమందుల వాడకం ఉంది. గని కార్మికుడు, మందు చల్లే కూలీ, బోరునీరు తాగే గృహిణి ఒకే ఊరివారైనా వారు లోనయ్యే ప్రభావాలు వేరు.

ఇక్కడ లెక్కల ప్రమాణం కూడా సమస్యే. కాలువనీటి డెల్టాను, బావినీటి మెట్టను కలిపి ‘కృష్ణా జిల్లా సగటు’ తీస్తే మెట్ట బాధ అందులో మునిగిపోతుంది. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతాలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. పాత, కొత్త జిల్లాల అంకెలను నేరుగా పోల్చడం ఇకపై మరింత పొరపాటు. ఇదే మెట్టలోని ఎ.కొండూరు మండల తండాల్లో మూత్రపిండాల వ్యాధి ఇటీవల తీవ్ర ఆందోళన కలిగించింది. అక్కడ కారణాన్ని వెతికేవారు ఒక్క పదార్థం వద్ద ఆగిపోకూడదన్నదే ఫ్లోరోసిస్ చరిత్ర చేసే హెచ్చరిక.

ముగింపు

పర్యావరణ రోగకారణాల అధ్యయనానికి జిల్లా కాదు, బావి ప్రమాణం కావాలి. ఒక్క రోజు నీటి నమూనా కాదు, ఒక జీవితకాలపు నీటి చరిత్ర ఆధారం కావాలి. ఏ బావి నీరు ఏ ఏటి వరకు తాగారు, జొన్న మాని వరి ఎప్పుడు తిన్నారు, బోరు ఎప్పుడు వేశారు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగల పెద్దలు జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో నేడింకా ఉన్నారు. ఆ జ్ఞాపకాలను సేకరించి నీటి పరీక్షల పక్కన నిలపడం చరిత్ర పరిశోధకులు వైద్యశాస్త్రానికి చేయగల సాయం. ఆ తరం గడిచిపోతే ఆ ఆధారాన్ని ఏ ప్రయోగశాలా తిరిగి తేలేదు.