సునామీకి అడ్డంగా నాటిన చెట్లు

1854 డిసెంబరులో జపాన్‌లోని హిరో అనే పల్లె మీద సునామీ పడింది. చీకట్లో గడ్డివాములకి నిప్పంటించి, ఆ వెలుగులో జనాన్ని గుట్ట మీదకి చేర్చిన హమగుచి గోర్యో కథ కొందరు వినే ఉంటారు. నన్నడిగితే ఆయన చేసిన అసలు పని ఆ తర్వాతది. సోయాసాస్ వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. బతుకుతెరువు లేక ఊరు ఖాళీ అయిపోతుందని, సొంత డబ్బుతో దాదాపు నాలుగేళ్లు ఊరివాళ్లకే కూలి ఇచ్చి, 600 మీటర్ల పొడవున, 5 మీటర్ల ఎత్తున మట్టికట్ట పోయించాడు. సముద్రం వైపు వరసగా పైన్ చెట్లు నాటించాడు.

చెట్లెందుకు? నీటి వేగం తగ్గుతుంది, సరే. కొట్టుకొచ్చే పడవలూ దుంగలూ కూడా మానుల మధ్య చిక్కుకుపోతాయి. ఇళ్లని కూల్చేది నీళ్లొక్కటే కాదు కదా! 1946లో మళ్లీ సునామీ వచ్చింది, దాదాపు 4 మీటర్లు. కట్ట వెనకున్న ఊరు చాలావరకు నిలబడింది.

అలాగని చెట్లుంటే చాలనుకోకండి. రికుజెన్‌తకతలో 17వ శతాబ్దం నుంచి పెంచుకొచ్చిన పైన్ తోపు, సుమారు 70 వేల చెట్లు, 2011లో ఒక్క పూటలో పోయింది. అక్కడ వచ్చిన అల 10 మీటర్లు దాటింది మరి. మిగిలింది ఒకే ఒక్క చెట్టు. అదీ వేళ్లకి ఉప్పునీరు పట్టి మరుసటి ఏడాదికి చచ్చిపోయింది. ఇప్పుడక్కడ మళ్లీ పైన్ మొక్కలు నాటారు. కాకపోతే ఈసారి వాటి వెనకాల 12.5 మీటర్ల గోడ కూడా కట్టారు.