ఫోలికామ్ల చరిత్రము – గర్భిణీ రక్షణము



మన వార్షిక మహాసభా సంచికలయందు వంశచరిత్రములును, దానశాసనములును, విద్యార్థి వసతిగృహముల లెక్కలును పఠించుట మీకు అలవాటు. ఈ యేడు నేను చెప్పబూనినది రాజుల చరిత్రము గాదు, ఒక పదార్థముయొక్క చరిత్రము. అది మన దేహమునకు దినమొక్కింటికి మిల్లిగ్రాములో సగమునకు లోపుగనే కావలయును. దాని పేరు ఫోలిక్ ఆమ్లము. ఆకుకూరలలోను, పెసలు సెనగలు మొదలగు కాయధాన్యములలోను, కాలేయములోను స్వభావసిద్ధముగ నుండు రూపమును ఫోలేటు అందురు. ఇంత స్వల్పవస్తువు లోపించుటచేత ఎందరు తల్లులు పురుటిమంచమునుండి లేవలేకపోయిరో, ఎందరు శిశువులు వికలాంగులై పుట్టిరో లెక్కింప శక్యము గాదు. దానిని కనుగొనుటలో మన దేశపు పేద స్త్రీల బాధకును, మన గోదావరీతీరమున పుట్టిన యొక వైద్యుని పరిశ్రమకును గొప్ప భాగము కలదు.

1928 వ సంవత్సరమున లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి చేరెను. ఆమె 1888 లో ఇంగ్లండునందు జన్మించి, కేంబ్రిడ్జిలోని న్యూన్‌హాం కళాశాలలో వృక్షశాస్త్రమును భూగర్భశాస్త్రమును చదివి, పిదప లండనులోని స్త్రీల వైద్యకళాశాలలో 1920 లో వైద్యపట్టము పొందెను. ఆ కాలమున బొంబాయి నూలుమిల్లులలో కూలిచేసి బ్రతుకు స్త్రీలలో గర్భవతులకు ఘోరమైన పాండురోగము సోకుచుండెను. రక్తకణములు సంఖ్యలో తగ్గుటయే గాక, మిగిలినవి సహజపరిమాణమును మించి పెద్దవై యుండెడివి. ముఖము పాలిపోయి, నడచుటకు శక్తి చాలక, కాన్పునకు ముందో వెనుకనో అనేకులు మరణించెడివారు. ఇది ఏదో సూక్ష్మజీవి వలన కలుగుచున్నదేమో యని విల్స్ మొదట శంకించి పరీక్షించెను. జాడ కానరాలేదు. అంతట ఆమె రోగుల వంటయిండ్ల వైపు దృష్టి మరల్చెను. భోజనము మిక్కిలి హీనముగ నున్నవారికే ఈ వ్యాధి తరచుగ వచ్చుచున్నదని తేలెను.

హాఫ్‌కిన్ పరిశోధనాలయమున ఆమె మొదట ఎలుకలకు ఆ పేదల భోజనమునే పెట్టి చూచెను. ఎలుకలకు రక్తక్షయము కలిగినది గాని, వానికి వేరొక అంటువ్యాధియు సోకియుండుటచే ఆ ఫలితము నమ్మదగినది గాకపోయెను. తరువాత కోతులతో పనిచేసెను. బీరు కాచిన పిమ్మట మిగులు ఈస్టునుండి తీసిన మార్మైటు అను చౌక సరకును, మిక్కిలి నీరసించిన యొక కోతికి పెట్టగా అది ఆశ్చర్యకరముగ కోలుకొనెను. గర్భిణులకును దానినే యిచ్చిరి. కొలది దినములలోనే రక్తము వృద్ధిపొందెను. 1931 లో ఆమె ఈ విషయమును బ్రిటిషు వైద్యపత్రికయందు ప్రకటించెను. ఇంకొక విశేషము. వేరొక విధమగు రక్తక్షయమును మాన్పుచుండిన పరిశుద్ధ కాలేయసారము ఈ గర్భిణులకు పనిచేయలేదు. శుద్ధి చేయని ముతక సారము మాత్రము పనిచేసెను. అనగా శుద్ధిచేయుటలో ఏదియో జారిపోవుచున్నదన్నమాట. ఆ తెలియని వస్తువునకే పండితులు విల్స్ పదార్థమని పేరిడిరి.

ఆ 1931 ఆరంభమున ఆమె మన మదరాసులోను కొంతకాలము పనిచేసెను. ఆ స్థలము కేస్టు అండ్ గోషా ఆస్పత్రి. ఇతరులతో కలిసి సామాన్య ఆస్పత్రులకు పోనొల్లని కులస్త్రీలకును, గోషా స్త్రీలకును ప్రత్యేకముగ నెలకొల్పబడినది గనుక దానికా పేరు వచ్చెను. వేంకటగిరి రాజావారి విరాళము దాని యభివృద్ధికి తోడ్పడినది. తరువాతికాలమున అది కస్తూరిబాగాంధీ ఆస్పత్రి యయినది. కులసభ సంచికలో నీ మాట వ్రాయుచు నాకు కొంచెము సంకోచము కలుగుచున్నది. కులమునుబట్టి ద్వారములు వేరుచేసికొన్న మన యిండ్లలోనికి ఈ వ్యాధి మాత్రము ఏ ద్వారముననైన వచ్చుచునే యుండెను.

ఇక మన వైద్యుని సంగతి. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమునను, మదరాసు హిందూ హైస్కూలునందును చదివి మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. ఆంగ్లేయ ఆచార్యుని యెదుట ఖద్దరు ధరించుటచే పూర్తి పట్టమునకు మారుగ ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెనందురు. వారి సోదరులిద్దరు కొలది దినముల యెడముతో స్ప్రూ అను గ్రహణీరోగమునకు బలియైరి. తామును ఆ వ్యాధికి లోబడి, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్స వలన స్వస్థులైరని చెప్పుదురు. ఆ రోగమున ప్రేగులు ఆహారములోని సారమును పీల్చుకొనజాలవు. అట్లు పీల్చుకొనలేక పోవు వస్తువులలో ఫోలేటు ముఖ్యమైనది. ఈ సంగతి అప్పటికి లోకమున నెవ్వరికిని తెలియదు.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థవారి సాహాయ్యవాగ్దానముతోను, మామగారు సమకూర్చిన ద్రవ్యముతోను సుబ్బారావుగారు 1922 అక్టోబరున బోస్టన్ నగరము చేరిరి. దాత యొక కులమువారు, గ్రహీత యొక కులమువారు. మన దాతలు ఈ యంశమును గమనింతురుగాక. హార్వర్డునందు వారు ఫిస్కే పండితునితో కూడి 1925 లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1940 లో న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్ అను చోటనున్న లెడర్లీ పరిశోధనాలయమునకు వచ్చి దాని నాయకత్వము వహించిరి.

1941 లో టెక్సాసునందలి శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక పదార్థమును చాల స్వల్పముగ తీసి, లాటిను భాషలో ఆకునకు ఫోలియం అని పేరగుటచే, దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. టన్నులకొలది కూరనుండి చిటికెడు మందు వచ్చినచో ఏ దేశపు గర్భిణులకు చాలును? కావున కృత్రిమముగ చేయగలుగుటయే అసలు విజయము. సుబ్బారావుగారి నేతృత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞబృందము 1945 లో ఆ పని సాధించెను. ఆ సంవత్సరముననే అమెరికాలో టాం స్పైస్ అను వైద్యుడు రోగులకు దీనినిచ్చి గుణము చూపెను. స్ప్రూ రోగులును కోలుకొనిరి. సోదరులను హరించిన వ్యాధికి మందు ఆ యన్నదమ్ములలో మిగిలినవాని ప్రయోగశాలనుండియే వెలువడినది. ఆ కథను నేను ఎన్నిమారులు చదివినను నాకు కన్ను చెమర్చును.

ఈ పదార్థము గర్భమునకు ఏల అంత యవసరము? మన దేహకణము రెండు కణములగుటకు ముందు తన వంశపత్రమును, అనగా డి.ఎన్.ఏ.ను, ప్రతి వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు కావలసిన ద్రవ్యమును సిద్ధపరచుటలో ఫోలేటు తోడ్పడును. ఒక్క కణమునుండి కోట్లకొలది కణములగు గర్భస్థశిశువునకును, అనుదినము నూతన రక్తకణములను పుట్టించు తల్లి మజ్జకును అది లేనిదే గడవదు. దీనికి తలక్రిందుల నిదర్శనము కూడ లెడర్లీ నుండియే వచ్చెను. ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను మందును 1948 లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు కాన్సరు గల పదునార్గురు బాలురకు ఇయ్యగా పదుగురికి తాత్కాలికముగ గుణము కనిపించెను. ఆ మందే గర్భిణికి తగిలినచో శిశువు నిలువదు, నిలిచినను వికలమగును. సుబ్బారావుగారు ఆ 1948 ఆగస్టుననే, 53 వ యేట, మరణించిరి. లూసీ విల్స్ 1964 లో పరమపదించెను.

తరువాతి యధ్యాయము శిశువు వెన్నెముకను గూర్చినది. గర్భము నిలిచిన 28 దినములలోగా శిశువుయొక్క నాడీనాళము మూతపడవలెను. క్రింద మూతపడనిచో వెన్ను చీలిన శిశువు, మీద మూతపడనిచో కపాలము లేని శిశువు పుట్టును. తల్లికి ఫోలేటు చాలకపోవుటయే దీనికి కారణమేమో యని బ్రిటనునందు కొందరు వైద్యులు చిరకాలము వాదించిరి. 1991 లో ఏడు దేశములలో 33 కేంద్రములందు జరిగిన పరీక్ష తీర్పు చెప్పెను. పూర్వము అట్టి శిశువును కనిన 1,817 మంది స్త్రీలను అందు చేర్చుకొనిరి. ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నవారిలో ఆ వైకల్యము నూటికి 72 వంతులు తగ్గెను. ఫలితము స్పష్టమగుటచే పరీక్షను మధ్యలోనే ఆపివేసిరి. మరుసటి యేడు హంగెరీ దేశపు పరీక్ష, అంతకుముందు అట్టి కాన్పు లేనివారికిని ఈ రక్షణ కలదని చూపెను. 1998 నుండి అమెరికాలో గోధుమపిండి మొదలగువానియందు దీనిని కలుపవలెనను నిబంధన అమలులోనికి వచ్చెను.

మన దేశమున 1970 నుండియే గర్భిణులకు ఇనుముతో కూడిన ఫోలిక్ ఆమ్లపు బిళ్ళలు పంచబడుచున్నవి. తల్లి రక్తమునకు అవి యుపకారము చేయును. కాని శిశువు వెన్నెముకకు? స్త్రీ నెల తప్పినదని తెలిసికొని, అత్తగారితో చెప్పి, మూడవ నెల వచ్చువరకు బయట పొక్కనీయరాదను ఆచారమును పాటించి, ఆస్పత్రికి పోయి పేరు వ్రాయించుకొనునప్పటికి ఆ 28 దినములు ఎన్నడో గడచిపోవును. నెల తప్పిన పిమ్మట మిగులునది ఇంచుమించు రెండు వారములే. అందుచేతనే గర్భము ధరింపదలచిన స్త్రీ ముందునుండియే, మూడవ నెల ముగియువరకు, దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనవలెనని ప్రభుత్వమువారును చెప్పుచున్నారు. మునుపు అట్టి బిడ్డను కనినవారికి ఎక్కువ మోతాదు కావలెను గనుక వైద్యుని అడుగవలెను.

ఇంకొక మాట చెప్పక తీరదు. అట్టి శిశువు పుట్టినప్పుడు తల్లి గ్రహణవేళ కదలినదనియో, కత్తిపీట ముట్టినదనియో నిందించు వృద్ధులు మన యిండ్లలో ఇంకను కలరు. ఆ తల్లి దోషము రవ్వంతయు లేదు. ఆమెకు సకాలమున ఎవ్వరును చెప్పలేదు, అంతే. అన్ని వైకల్యములును ఫోలేటు లోపము వలననే రావు, దీనిచే అన్నియు తొలగవు. సంతానము లేని పురుషులు జింకుతో కూడ దీనిని సేవించిన ఫలించునని కొందరు వ్యాపారులు ప్రకటించుచుందురు. 2,370 దంపతులతో అమెరికాలో జరిగి 2020 లో ప్రకటింపబడిన పరీక్షలో కాన్పుల సంఖ్య యేమియు పెరుగలేదు. మరియు, బి12 విటమిను లోపించినవారు, ముఖ్యముగ కేవల శాకాహారులు, ఫోలిక్ ఆమ్లమునే పెద్ద మోతాదులలో నమ్ముకొన్నచో రక్తము బాగుపడినట్లు కనిపించి నరములు లోలోపల చెడుచుండును. వంటయింటి సంగతికి వచ్చిన, తోటకూర పాలకూరలను ఎక్కువ నీటిలో నుడికించి ఆ నీటిని పారబోయుట మానినచో ఫోలేటు కొంత దక్కును.

మన సంఘ కార్యాలయమువారు వధూవరుల పట్టికను తయారుచేసి యిరువంకల పెద్దలకు పంపుచున్నారు. దానితోపాటు ఈ 28 దినముల సంగతిని ఒక చిన్న కాగితముమీద అచ్చొత్తించి పంపిన యెడల వ్యయము స్వల్పము. దాతలలో నెవ్వరైన కాగితపు ఖర్చు భరింతుమనిన, వ్రాసి యిచ్చుటకు నేను సిద్ధముగ నున్నాను.