పాత బంగళా స్థలంలో కొత్త ఫ్లాట్లు: నిబంధనలు, జాగ్రత్తలు

హైదరాబాద్: తార్నాక, మారేడుపల్లి వంటి పాత కాలనీలలో విశాలమైన పెరటితో కూడిన బంగళాల స్థానంలో నాలుగైదు అంతస్తుల గృహ సముదాయాలు వెలుస్తున్న సంగతి విదితమే. పెద్ద ఇంటి నిర్వహణ వృద్ధులైన యజమానులకు భారం కావడం, ఒకే ఇంటిని వారసులు పంచుకోవడం సాధ్యపడకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు.

డెవలప్‌మెంట్ ఒప్పందం

సాధారణంగా యజమాని స్థలాన్ని, బిల్డరు పెట్టుబడిని సమకూర్చి, నిర్మితమైన ఫ్లాట్లను ముందుగా అంగీకరించిన నిష్పత్తిలో పంచుకుంటారు. ఈ ఒప్పందాన్ని విధిగా రిజిస్టరు చేయించుకోవలసి ఉంటుంది. ఎవరికి ఏ ఫ్లాటు, భూమిలో ఎంత అవిభాజ్య వాటా, నిర్మాణ కాలంలో యజమాని చెల్లించే ఇంటి అద్దె ఎవరు భరించాలి, జాప్యానికి పరిహారం ఎంత అన్న అంశాలు అందులో స్పష్టంగా ఉండాలి. పాత ఇల్లు కూల్చిన తరువాత వీటిని తేల్చుకోవడం యజమానికి కష్టసాధ్యం.

అనుమతులు

2012 నాటి భవన నిర్మాణ నియమాల (జీవో 168) ప్రకారం స్థల విస్తీర్ణం, రోడ్డు వెడల్పులను అనుసరించి భవనం ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం నిర్ణయమవుతాయి. ఇటువంటి సముదాయాలలో నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు హామీగా ఉంచాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ జారీ అయిన పిమ్మటనే అది విడుదలవుతుంది. ఆ భాగం ఎవరి వాటాలోనిదో ఒప్పందంలోనే పేర్కొనడం మంచిది. పెరటి చెట్లను తొలగించేందుకు 2002 నాటి వాల్టా చట్టం కింద ముందస్తు అనుమతి పొందాలి.

రెరా పరిధి

రియల్ ఎస్టేట్ చట్టం (2016) ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లకు, ఫ్లాట్లు ఎనిమిదికి మించని ప్రాజెక్టులకు నమోదు తప్పనిసరి కాదు. 500 గజాల స్థలం సుమారు 418 చదరపు మీటర్లు. అందులో అంతస్తుకు రెండు చొప్పున నాలుగు అంతస్తులలో 8 ఫ్లాట్లు నిర్మించినా నమోదు అవసరం ఉండదు. నమోదైన ప్రాజెక్టులలో కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలన్న రక్షణ ఇటువంటి చిన్న ప్రాజెక్టులకు లభించదు. ఆ మేరకు యజమానికి, కొనుగోలుదారుకు రిజిస్టరైన ఒప్పందమే ప్రధాన ఆధారమవుతుంది.

కొనుగోలుదారులు

కొనుగోలుదారులు మంజూరైన ప్లాను, రిజిస్టరైన ఒప్పందం, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లను పరిశీలించి, తాము కొనదలచిన ఫ్లాటు బిల్డరు వాటాలోనిదేనని, హామీగా ఉంచిన 10 శాతంలో లేదని నిర్ధారించుకోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అందిన తరువాతనే ఫ్లాటును స్వాధీనం చేసుకోవడం శ్రేయస్కరం.