పెట్రోలు సూదులు, వాటి పరీక్షలు

ఇంజెక్షన్ అన్న మాట వినగానే మన ఇళ్లలో పిల్లలు తలుపు చాటుకు పరుగెడతారు. మనకు ఇంజెక్షన్ అంటే సూదిమందు. కారు ఇంజనుకు వేసే ఇంజెక్షన్ కూడా ఇంచుమించు అటువంటిదే: కొలిచిన మోతాదు, సన్నని రంధ్రం, వెనుక నుంచి ఒత్తిడి. ఆ సూది పేరు ఇంజెక్టర్. మన ఊళ్లలో డీజిలు పంపులు బాగుచేసేవారు నాజిల్ అంటారు. ఇక ఇంధనమన్న మాటను అమరకోశం సమిధలతో పాటు వంటచెరకు పర్యాయపదాలలో చేర్చింది. పొయ్యిలోకి కట్టె ఎగదోయడం నుంచి సెకనులో వేయోవంతుల లెక్కన పెట్రోలు చల్లడం దాకా ఆ మాట చాలా దూరమే నడిచింది.

యంత్రాన్ని కనిపెట్టినవారి పేర్లు చరిత్రకు ఎక్కుతాయి. అది వీధి చివరి మెకానిక్కు అర్థమైనదా, చెడితే ఎక్కడ చెడిందో అతడు పరీక్షించి చెప్పగలిగాడా అన్నది మాత్రం ఎవరూ రాయరు. పాత స్పోర్ట్స్ కార్ల ఇంజెక్టర్ల కథ నడిచినదీ, ఒకచోట ఆగినదీ ఆ ప్రశ్న మీదనే అని నా అభిప్రాయం.

ఇంజెక్టరుకు ముందు కార్బ్యురేటర్ ఉండేది. ఇంజను గాలిని పీల్చుకుంటుంటే ఆ గాలివాటున ఒక చిన్న గిన్నెలోని పెట్రోలు తనంతట తాను లేచి కలిసేది. గిన్నెలో ఒక తేలుడుబెండు మట్టాన్ని కాపాడేది. నేల మీద నడిచే బండికి ఇది చాలును. ఆకాశంలో చాలలేదు. 1940లో బ్రిటన్ గగనతలం మీద జరిగిన యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానం ముక్కును ఉన్నట్టుండి కిందికి వంచితే గిన్నెలోని పెట్రోలు పైకెగిరి ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. శత్రువుల మెసర్‌ష్మిట్ విమానాలలో ఉన్న డైమ్లర్-బెంజ్ ఇంజనుకు ఆ బాధ లేదు. దానికి పెట్రోలును పంపు ఒత్తిడితో నేరుగా సిలిండరులోకే చిమ్మేవారు. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ పరిశోధనాలయంలో పనిచేసిన బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు 1941లో చిన్న చిల్లు గల ఒక బిళ్లను పెట్రోలు దారిలో అడ్డుపెట్టి ఆ దోషాన్ని చాలావరకు సరిదిద్దింది. పెద్ద పెద్ద కర్మాగారాలు తలపట్టుకున్న చోట బొత్తాము పాటి బిళ్ల పనిచేసింది. ఆవిడ గురించి వేరే టపా రాయవలసినదే.

యుద్ధం ముగిసిన తరువాత ఆ చిమ్మే విద్య కార్లలోకి దిగింది. మొదట 1950ల ఆరంభంలో గుట్‌బ్రోడ్, గోలియత్ అనే చిన్న జర్మను కార్లకు బాష్ సంస్థ అమర్చింది. లోకమంతా చూసినది మాత్రం 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనలో నిలిచిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ను. రెక్కల్లా పైకి లేచే తలుపులను చూసి జనం మురిశారు. అసలు వింత బానెట్టు కింద ఉన్నది. 2,996 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క సూది, 215 అశ్వశక్తి. నాలుగు స్ట్రోకుల ఇంజనుతో, పెట్రోలు ఇంజెక్షనుతో అమ్మకానికి వచ్చిన తొలి కారు ఇదే. 1957 వరకు 1,400 రెక్కల కార్లు, ఆపై 1963 వరకు 1,858 రోడ్‌స్టర్లు తయారయ్యాయి.

అంత గొప్ప కారుకూ ఒక పాడు అలవాటు ఉండేది. తాళంచెవి తిప్పి ఆపగానే నిప్పురవ్వ ఆగుతుంది. పంపు ఇంజనుతో ముడిపడి ఉన్నది కనుక, ఇంజను పూర్తిగా నిలిచేదాకా అది పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. మండని ఆ పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెపొరను కడిగివేసి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందుచేత ఆయిల్‌ను తరచుగా మార్చవలసివచ్చేది. పెట్టడం తెలిసి ఆపడం తెలియని చేయి అన్నమాట!

దీని పంపును పరీక్షించాలంటే ఊడదీసి బల్లకు బిగించి, ఒక్కొక్క గొట్టం నుంచి వచ్చినది గాజు కొలపాత్రలలో పట్టి చూడాలి. మన జిల్లా కేంద్రాలలో డీజిలు పంపు సర్వీసు దుకాణాలకు వెళ్లినవారికి ఆ గాజు గొట్టాల వరుస, చేతిపిడితో కొట్టి నాజిల్ చిమ్ము చూసే పరికరం పరిచితాలే. అదే బాష్ వారి భాగస్వామ్యంతో 1951లో బెంగుళూరులో మొదలైన మైకో సంస్థ పేరు మన రైతులకూ లారీ డ్రైవర్లకూ ఇంటిపేరంత తెలుసు. 2008లో అది బాష్ అని పేరు మార్చుకున్నా పాతవారి నోట ఇంకా మైకోయే.

జర్మనీలో పంపుబల్లలు, వాటి పనివారు ఉన్నారు కనుక 300 ఎస్‌ఎల్ నిలిచింది. అమెరికాలో కథ వేరు. 1957లో షెవ్రొలే సంస్థ కార్వెట్ స్పోర్ట్స్ కారుకు రోచెస్టర్ ఇంజెక్షన్ పెట్టింది. మంచి యంత్రమే. కాని ఊళ్లలోని మెకానిక్కులకు దాని మర్మం అందలేదు. కొద్దిగా మొరాయించగానే దాన్ని విప్పి పక్కన పడేసి కార్బ్యురేటర్ బిగించినవారు ఎందరో. ఇప్పుడు ఆ విప్పి పారేసిన వాటికే వెల ఎక్కువ.

ఆ మరుసటి ఏడు, 1958లో, క్రైస్లర్ సంస్థ మరొక అడుగు ముందుకు వేసింది. బెండిక్స్ వారి ఎలక్ట్రోజెక్టర్‌లో సూదిని తెరిచి మూసేది విద్యుత్తు. ఎంతసేపు తెరవాలో చెప్పేది ఒక ఎలక్ట్రానిక్ పెట్టె. నేటి కార్లన్నిటికీ అది ముత్తాత. అయితే ఇంజను వేడికీ తేమకూ ఆనాటి కాగితపు కండెన్సర్లు తట్టుకోలేదు. అమర్చినవి సుమారు 35 కార్లు. దాదాపు అన్నింటికీ కార్బ్యురేటర్లు తిరిగి బిగించారు. చెడినది సూదియా, తీగయా, పెట్టెయా అని విడదీసి చెప్పే సాధనం మామూలు మెకానిక్కు వద్ద లేదు. నా లెక్కలో కండెన్సర్లతో పాటు ఈ లోపమూ దాన్ని చంపింది. బెండిక్స్ పేటెంట్లు చివరకు బాష్ చేతికి చేరాయి.

1967లో బాష్ వారు అమెరికాకు వెళ్లే ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో డి-జెట్రానిక్ పెట్టారు. జర్మను భాషలో ఒత్తిడికి డ్రుక్ అని పేరు. ఆ డి అదే. ఇంజను గాలిగొట్టంలోని ఒత్తిడిని కొలిచి పెట్రోలు లెక్క కడుతుంది. 1969 చివరలో వచ్చిన పోర్షే 914 అనే చిన్న స్పోర్ట్స్ కారుకూ ఇదే. ఈసారి కారుతో పాటు పరీక్ష పెట్టె కూడా సర్వీసు దుకాణాలకు వచ్చింది. అంతకంటె ముఖ్యంగా, పెట్టె లేనివాడు కూడా సగం రోగం కనిపెట్టగలడు.

ఎలాగంటే, ఇంజను నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజెక్టరుకు ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే టిక్కుటిక్కుమని వినబడాలి. వినబడకపోతే ఇంజను ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఓం మీటరుతో సూదిలోని తీగచుట్టను కొలవాలి. డి-జెట్రానిక్‌కు 2 నుంచి 3 ఓంల మధ్య రావాలి. అసలే రాకపోతే చుట్ట తెగిందన్నమాట. ఆ చుట్టకు బ్యాటరీ నుంచి 12 వోల్టులు నేరుగా తగిలించి చూద్దామనుకునేవారు ఉన్నారు. నిమిషాల మీద అది మాడుతుంది. కారులో దానికి ముందు వేరే నిరోధాలు కాపలా ఉంటాయి. 914లో నాలుగు సూదులు రెండు జంటలుగా పనిచేస్తాయి. ఒక జంట మొత్తం మూగబోతే సూదులను అనుమానించకూడదు. డిస్ట్రిబ్యూటరు అడుగున వాటికి సంకేతమిచ్చే కాంటాక్టులను చూడాలి.

పోర్షే 911లో మార్గం మారింది. 1973 నుంచి, మొదట అమెరికా కార్లలో, వచ్చిన కె-జెట్రానిక్‌కు సూదిలో విద్యుత్తు లేదు. పెట్రోలు ఆగకుండా ప్రవహిస్తుంది. ఒత్తిడి సుమారు మూడున్నర బార్లు దాటగానే సూది తనంతట తాను తెరుచుకుని సన్నగా కూస్తూ మంచుతుంపరలా చల్లుతుంది. పరీక్ష కూడా కంటితోనే. ఆరు సూదులను పెరికి ఆరు గాజు కొలపాత్రలలో ముంచి, పంపు నడిపి, గాలి పళ్లాన్ని కొద్దిగా ఎత్తి పట్టాలి. తుంపర శంకువులా రావాలి. ధారగా కారితే, ఒక పక్కకే చిమ్మితే అది రోగి. పళ్లాన్ని వదిలాక మొనన బొట్టు నిలవకూడదు. ఆరు పాత్రలలో మట్టం ఇంచుమించు సమానంగా ఉండాలి.

ఒక పాత్రలో తక్కువ వచ్చిందనుకుందాం. తప్పు సూదిదా, దానికి పంచిపెట్టే డిస్ట్రిబ్యూటరుదా? రెండు సూదులను ఒకదాని గొట్టానికి మరొకటి మార్చి మళ్లీ కొలవాలి. కొరత సూది వెంట వెళితే సూది దోషి. గొట్టం వద్దనే నిలిస్తే పంపకం దోషి. మన తార్కికులు అన్వయ వ్యతిరేకాలన్నది అక్షరాలా ఇదే. తర్కసంగ్రహం పాఠం చెప్పేటప్పుడు పొగ, నిప్పు, వంటిల్లు అని ఎన్నిసార్లు చెప్పినా రాని స్పష్టత ఈ ఆరు గాజు పాత్రలలో ఉన్నది.

మార్పిడిలో కొన్ని జాగ్రత్తలు. ఇంజను చల్లారాలి, బ్యాటరీ రుణధ్రువం తీగ ఊడదీయాలి, గొట్టాలలో నిలిచిన ఒత్తిడిని గుడ్డ అడ్డుపెట్టి మెల్లగా వదలాలి. కె-జెట్రానిక్ సూదిని ఒక స్పానరుతో పట్టి ఉంచి, గొట్టాన్ని మరొకదానితో విప్పాలి. లేకుంటే అడుగున ఉన్న ప్లాస్టిక్ తొడుగు కూడా తిరిగిపోతుంది. పాత రబ్బరు వలయాలను తిరిగి వాడరాదు. డి-జెట్రానిక్ సూదులలో చూపుకు ఒకేలా ఉండి మోతాదు వేరుగా ఉండే రకాలున్నాయి. సంఖ్య చూడకుండా ఒక్కటి కలిపితే ఆ సిలిండరు ఒక్కటే పస్తో, అజీర్తో అనుభవిస్తుంది. ఏళ్ల తరబడి కదలని కారులో పెట్రోలు ఎండి లక్కలా పేరుకున్న సూదులను, శబ్ద తరంగాల తొట్టెలో కడిగి, కొలిచి, జోడు కుదిర్చి ఇచ్చేవారు నేడు ఉన్నారు.

అన్నిటికంటె భయపడవలసినది సూది వెనుకనున్న జానెడు రబ్బరు గొట్టం. యాభై ఏళ్లకు అది గట్టిపడి పగులుతుంది. ఎథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును మరింత తొందరగా తింటుంది. రెండు బార్ల ఒత్తిడితో చిమ్మిన పెట్రోలు వేడి ఇంజను మీద పడితే ఇక చెప్పేదేమున్నది? బాగుచేసిన మరునాడే తగలబడిన కార్లున్నాయి. కనుక బిగించాక ఇంజనును తిప్పక ముందే పంపును మాత్రం నడిపి, ప్రతి అతుకునూ వేలితో తడిమి చూడాలి.

నాజిల్ పరీక్షలో తుంపర బాగున్నదనడానికీ, కారుతున్నదనడానికీ మీ ప్రాంతపు మెకానిక్కులు వాడే తెలుగు మాటలుంటే వ్యాఖ్యలలో రాయగలరు. నిఘంటువులలో నాకు దొరకలేదు.