రేవులు, తీర్థములు, జనసమ్మర్దము

ఏలూరిలో ఏడేండ్ల కొకసారి గంగానమ్మ జాతర; కొల్లేటికోటలో ఫాల్గుణమాసమున పెద్దింట్లమ్మ తిరునాళ్లు; ద్వారకాతిరుమలలో చిన్నవెంకన్న కల్యాణము; పండ్రెండేండ్ల కొకసారి గోదావరి పుష్కరము. వీనిలో ఏ యొక్కదానికిని పోని కుటుంబము మన సీమలో అరుదు. ఇట్టి తావులయందు జనులు ఎట్లు గుమిగూడిరో, ఎట్లు క్షేమముగ ఇల్లు చేరిరో, ఎచ్చట ఏల ప్రాణములు గోల్పోయిరో ఆ చరిత్రను నేడు మీకు విన్నవింప దలచితిని. రాజుల యుద్ధములవలె ఇది గ్రంథములకు అంతగా ఎక్కలేదు. అయినను ఇందు నేర్వదగినది చాల కలదు.

కొల్లేటికోట సరస్సు నడుమ నున్న లంక. బాటలును వంతెనలును ఏర్పడక పూర్వము అచ్చటికి పోవలెనన్న పడవయో, తాటిదోనెయో శరణ్యము. దోనె యంచు నీటిని సమీపించుకొలది పడవవాడు "ఇక చాలు" ననును. ఎంతటి మోతుబరియైనను ఆ మాటకు లోబడవలసినదే. మితిమీరిన దోనె మునుగునని పసిబిడ్డకును తెలియును. అందుచే యాత్రికులు కొద్ది కొద్దిగ గట్టుచేరిరి. ముందు వచ్చినవారు దర్శనమునకు సాగిన పిదపగాని వెనుకవారు దిగుట లేదు. పడవ ప్రయాణమున ప్రమాదములు లేవని నా అభిప్రాయము కాదు. కాని జనమును కొలిచి వదలు పని, ఎవరును తలపెట్టకయే, పడవవలన జరిగిపోయెడిది.

గోదావరి కడను స్థితి ఇట్టిదే. పూర్వము ఏలూరు, తాడేపల్లిగూడెము వైపునుండి పోవువారు కొవ్వూరు రేవున పడవ యెక్కి రాజమహేంద్రవరము చేరవలసి యుండెను. 1900 నాటికి హేవలాకు వారధిమీద రైలు నది దాటసాగెను. ఆ వారధి 1997 వరకు రైళ్లను మోసినది. 1974లో రోడ్డును రైలును కలిపిన రెండవ వంతెన వచ్చినది. ప్రయాణము సుఖమైనది, సంతోషింపవలసినదే. కాని పడవ ఒక్కమారు దింపిన జనమెంత? రైలు ఒక్కమారు దింపు జనమెంత? నది వెడల్పు తగ్గినట్లయినది గాని రేవు మెట్ల వెడల్పు దానంతట పెరుగలేదు. పడవవాడు చేసిన కొలత పనిని మరియొకరికి అప్పగింపవలెనను తలంపు మాత్రము ఆలస్యముగ కలిగెను.

ఈ పాఠము దేశమునకు క్రొత్త కాదు. 1820లో హరిద్వారమున కుంభమేళా సమయమున, స్నానఘట్టమునకు పోవు ఇరుకు దారిలో 430 మంది నలిగి మరణించిరి. మృతులలో కావలి సిపాయిలును కలరు. పిమ్మట ప్రభుత్వమువారు 100 అడుగుల వెడల్పున 60 మెట్లతో ఘట్టమును కట్టించిరి. జనుల భక్తిని తగ్గింపజూడలేదు, దారిని వెడల్పు చేసిరి. ఇందలి వివేకము గమనింపదగినది.

ఇక మన దుఃఖము. 2015 జూలై 14వ తేదీ, పుష్కరముల మొదటి దినమున ఉదయము, రాజమహేంద్రవరపు పుష్కరాల రేవు కడ 27 మందికి తక్కువ కాకుండ ప్రాణములు విడిచిరి. జస్టిస్ సోమయాజులు ఏకసభ్య విచారణ సంఘము, ఒకే ముహూర్తమున మునిగిన పుణ్య మధికమను నమ్మకమును, దానికి జరిగిన ప్రచారమును కారణములుగ పేర్కొనెను. ఆ నమ్మకము ఉండునని ముందే తెలిసినప్పుడు దానికి తగిన దారులు ఏర్పరచుట నిర్వాహకుల విధి యని నేననుకొందును. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై వేచినవారిలో ఆరుగురు మరణించిరి. ఆ యేడే నవంబరు 1న కాశీబుగ్గలో, ఏకాదశినాడు, తొమ్మండుగురు. స్థలములు వేరు, ఇరుకుదారి, ఒక్కసారి తోసికొనివచ్చిన జనము, ఈ రెండును అన్నిచోట్ల ఒక్కటే.

మనము దీనిని "తొక్కిసలాట" యందుము. ఆ మాట నేరమును పాదములపై మోపుచున్నది. నిజమునకు పెక్కుమంది తొక్కుడుచే గాక ఊపిరాడక మరణింతురు. నిలుచున్నవారు నిలుచున్నట్లే పోవుటయు కలదు. ఊపిరి పీల్చుటకు రొమ్ము ఉబ్బవలెను, ఉబ్బుటకు చోటుండదు. ఒక మనుజుడు పీట వేసికొని, విస్తరి పరచికొని భుజించు చోటు సుమారొక చదరపు మీటరు. అందు నలుగురు నిలిచిన కదలవచ్చును. ఆరేడుగురైనచో ఎవరి కాలు వారి వశమున నుండదు. జనము నీటివలె అలలుగ ఊగును. ముందరి వారి కేక వెనుకవారికి వినబడదు. వెనుకవారు దారి యున్నదనుకొని అడుగు వేయుచునే యుందురు. కావున ఇది దుర్మార్గుల పని కాదు, తెలియనివారి పని.

అట్టిచో మనము చేయదగిన దేమి? ఇరు భుజములకును పరుల భుజములు తగులుట మొదలైనప్పుడే ప్రక్కకు తొలగుడు; పిమ్మట వీలుపడదు. చిక్కుకొన్నచో చేతులను రొమ్మునకు ముందుగ మడచి ఊపిరికి చోటు కాపాడుకొనుడు. అలకు ఎదురొడ్డకుడు, అది తగ్గినప్పుడు ఏటవాలుగ అంచునకు జరుగుడు. గోడలకును కటకటాలకును దూరముగ నుండుడు. జారిన చెప్పుకై, చేతిసంచికై వంగకుడు. ప్రక్కవారు పడినచో తక్షణమే లేవనెత్తుడు. మీరే పడి లేవలేకున్న, ప్రక్కకు తిరిగి ముడుచుకొని తలను చేతులతో కప్పుకొనుడు. వెనుకనున్నవారు ముందు సాగనప్పుడు ఆగుడు. ఆ యాగుట యొక ప్రాణదానము.

2027లో పుష్కరము మరల రానున్నది. అది పండ్రెండు దినముల పర్వము. నది పొడవునను పుణ్యమే యని పెద్దలమాట. కొవ్వూరు గోష్పాదక్షేత్రమున, పట్టిసీమయందు, సిద్ధాంతమున, నరసాపురమున పారునదియు ఆ గోదావరియే. వృద్ధులను, బాలురను వెంటబెట్టుకొనువారు మొదటి దినపు మొదటి గడియను విడిచి, మూడవనాడో అయిదవనాడో, చేరువ రేవున మునిగినచో పుణ్యము తరుగదు. నిర్వాహకులును పడవవానివలె "ఇక చాలు" ననుటకు సిద్ధముగ నుండవలెను. ఆ మాట విన్న మనము ఆగుటకు సిద్ధముగ నుండవలెను. తీర్థయాత్ర ఇల్లు చేరిననాడు గాని పూర్తికాదు.